పిల్లల భద్రత గురించి ఎంత టెన్షన్ పడటం మామూలు, ఎక్కడి నుంచి అతి?

కలువ:
అందరికీ నమస్తే. మా పాపకి ఎనిమిదేళ్లు నిండాయి. రెండు వీధుల అవతల తన ఫ్రెండ్ ఇల్లు ఉంది, అక్కడికి ఒక్కదాన్నే వెళ్తానని పట్టు పట్టి కూర్చుంది. మావారు పంపిద్దాం అంటారు. నాకేమో ఆ మాట వింటేనే గుండె దడ. ఎవరైనా ఎత్తుకుపోతే? వార్తల్లో చూసినవన్నీ కళ్ల ముందు తిరుగుతాయి. మా అత్తగారు "మా రోజుల్లో పిల్లలు పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాళ్లు, మీరే చేతులారా వాళ్లని పిరికివాళ్లని చేస్తున్నారు" అంటారు. నిజమేనేమో అనుకుంటాను, ఇంకో వార్త చూడగానే ఆ అనుకున్నది కాస్తా పోతుంది. పంపాలా వద్దా అన్నదొక్కటే కాదు, తల్లిగా ఎంతవరకు భయపడటం నా బాధ్యత, ఎక్కడ దాటితే అది పాపకే నష్టం? మీ ఇళ్లలో ఈ గీత ఎక్కడ గీస్తున్నారో చెప్పండి.

పిల్లల_వార్డు:
కలువ గారూ, నేను పిల్లల ఎమర్జెన్సీలో నర్సుని. నాకు కనిపించేది చెప్తాను. ఎంత భయపడాలి అన్నదానికంటే ముందు దేనికి భయపడాలి అన్నది తేల్చుకోవాలండి. అమ్మానాన్నలు నిద్ర మానుకుని భయపడే విషయాలు వేరు, పిల్లలు మా దగ్గరికి వచ్చే కారణాలు వేరు. ఎత్తుకుపోతారని భయపడని తల్లిని నేను చూడలేదు. మా దగ్గరికి వచ్చేది మాత్రం బకెట్‌లో తలకిందులుగా పడిన ఏడాది బిడ్డ, మరిగే నీళ్లు మీద ఒంపుకున్న రెండేళ్ల బిడ్డ, పెద్దవాళ్ల బీపీ మాత్రలు మింగేసిన మూడేళ్ల బిడ్డ, రోడ్డు దాటుతూ బండి కింద పడిన పిల్లాడు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 5 నుంచి 29 ఏళ్ల వయసు వాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నీళ్లలో మునిగి 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది చనిపోయారు, అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి తొంగిచూస్తూ పడితే మళ్లీ లేవలేరు, అరవడానికి కూడా ఉండదు. నిశ్శబ్దంగా జరిగిపోతుంది. జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు.

ఇంకొకటి, చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. రిమోట్‌లో, బొమ్మల్లో, తాళాల్లో ఉండే గుండ్రటి చిన్న బటన్ బ్యాటరీ బిడ్డ మింగితే, అది గొంతు కింద గొట్టంలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. బ్యాటరీ అయిపోయిందని పారేసినది కూడా ప్రమాదమే. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించొద్దు, రేపు చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి వెళ్లాలి. ఎవరో ఎత్తుకుపోతారేమో అని కిటికీ దగ్గర నిలబడే సమయంలో సగం పెట్టి ఇంట్లో రిమోట్ వెనక మూత స్క్రూ బిగించి ఉందో లేదో చూసుకుంటే బిడ్డకి ఎంతో మేలు.

ఇద్దరి_నాన్న:
నర్సు గారు చెప్పింది బాగుంది. కలువ గారూ, మీ పాప వెళ్లే దారిలో అసలు విషయం రోడ్డే. దాటాల్సిన రోడ్లు ఎన్ని, బండ్లు ఎంత స్పీడులో వస్తాయి, ఆగి ఉన్న కారు వెనక నుంచి పిల్ల బయటికి వస్తే డ్రైవరుకి కనిపిస్తుందా? ఎనిమిదేళ్ల పిల్లలకి బండి కనిపిస్తుంది గానీ అది ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయడం ఇంకా సరిగ్గా రాదు, పెద్దవాళ్లం మనం "చూసి దాటు" అంటే వాళ్లు నిజంగానే చూసి దాటేస్తారు. అందుకని మా ఇంట్లో చేసింది ఇది. ముందు పిల్లాడే దారి చూపించేలా నేను వెనక నడిచాను, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు దాటాలి అన్నీ వాడే చెప్పాలి, నేను నోరు మెదపను. అది కుదిరాక నేను వీధి చివర ఆగిపోయేవాణ్ణి. ఆ తర్వాత వాడు ఒక్కడే. పెద్ద రోడ్డు ఉన్నచోటికి మాత్రం ఇప్పటికీ పంపను, అది వాడి మీద నమ్మకం లేక కాదు, ఆ రోడ్డు మీద నాకే నమ్మకం లేదు.

సూటిగా:
అందరూ లెక్కలు చెప్తున్నారు కాబట్టి ఇంకో వైపు నేను చెప్తాను. లక్షలో ఒకరికే జరుగుతుంది అంటారు. ఆ ఒక్కరు నా బిడ్డ అయితే నాకు నూటికి నూరు. మిగతా తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది క్షేమంగా ఉన్నారని నేను ఏడుపు ఆపుకుంటానా? పిల్లని రెండు వీధులు తోడు వెళ్లి దింపి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు పెట్టడానికి బద్ధకించి దాన్ని స్వేచ్ఛ అని పేరు పెట్టడం నాకు నచ్చదు. కలువ గారూ, మీ మనసు వద్దంటే పంపకండి. తల్లి మనసుకి ఏదో తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు:
సూటిగా గారూ, మీ బాధ అర్థమైంది, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ తల్లి మనసుకి తెలుస్తుంది అన్నదగ్గరే ఇబ్బంది. 1973లో ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు రాసిన పేపర్ ఒకటుంది. ఒక సంఘటన ఎంత సులువుగా గుర్తుకొస్తే అది అంత తరచుగా జరుగుతుందని మనసు లెక్కేసుకుంటుందని అందులో చూపించారు. ఎత్తుకుపోయిన బిడ్డ గురించి వారం రోజులు వార్తలు వస్తాయి, తల్లి ఏడుపు చూపిస్తారు, మనకి జన్మంతా గుర్తుండిపోతుంది. బకెట్‌లో పడిన బిడ్డ వార్త కాదు. అంటే మన మనసు చెప్పేది ప్రమాదం కొలత కాదు, వార్తల కొలత.

అమెరికాలో దీని మీద ప్రభుత్వమే సర్వే చేయించింది. ముక్కూమొహం తెలియనివాళ్లో, కాస్త మొహపరిచయం మాత్రమే ఉన్నవాళ్లో పిల్లల్ని ఎత్తుకుపోయిన తీవ్రమైన కేసులు 2011లో దేశం మొత్తం మీద సుమారు 105 అని అంచనా. అక్కడ పిల్లలు ఏడు కోట్ల పైనే. ఒక్కటి కూడా జరగకూడదు, నిజమే. కానీ ఇంకో మాట కూడా చూడాలి. పంపకపోతే ప్రమాదం సున్నా అవుతుందని మనం అనుకుంటున్నాం. కారులో దింపినా కారు ప్రమాదం ఉంది. ఇంట్లో ఉంచినా ఇంట్లో ప్రమాదం ఉంది. పైగా ఇంట్లో ఉంచినందుకు కనిపించని ఖరీదు ఒకటుంది: 2023లో పీటర్ గ్రే అనే మనస్తత్వవేత్త, మరో ఇద్దరు కలిసి జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో రాశారు, గత కొన్ని దశాబ్దాలుగా పిల్లలు పెద్దల కాపలా లేకుండా ఆడుకోవడం, తిరగడం తగ్గుతూ వచ్చిందని, అదే కాలంలో వాళ్లలో ఆందోళన, డిప్రెషన్ పెరుగుతూ వచ్చాయని, మొదటిది రెండోదానికి ఒక ముఖ్య కారణమని.

సూటిగా:
మాస్టారూ, రెండూ ఒకే కాలంలో జరిగాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణం అంటే ఎలా? అదే కాలంలో ఫోన్లు వచ్చాయి, చదువుల ఒత్తిడి పెరిగింది, ఇళ్లలో మనుషులు తగ్గారు. మీరు లెక్కలు చెప్పేవాళ్లు, మీరే ఇలా అంటే ఎలాగండి.

లెక్కల_మాస్టారు:
సరైన ప్రశ్న. అది నిరూపణ కాదు, వాళ్ల వాదన. కానీ ఫోన్లు చేతికి రాకముందే ఈ తగ్గుదల, ఆ పెరుగుదల మొదలయ్యాయని వాళ్లు చూపిస్తారు, అందుకే నేను దాన్ని పక్కన పెట్టలేకపోతున్నాను. తరగతిలో కూడా చూస్తున్నాను కదా. చిన్న తప్పు వస్తే రబ్బరు తీసుకుని చెరిపేసి నా వైపు చూసి, నేను తల ఊపేదాకా రెండో లైను రాయని పిల్లలు ఏటా ఎక్కువవుతున్నారు.

పెద్దాయన:
అమ్మా కలువ, మీ అత్తగారి వయసు వాడినే కాబట్టి ఒక మాట చెప్తాను. మేము పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చినమాట నిజమే. దెబ్బలు తగిలేవి, మానేవి, ఎవరికి వాళ్లం తగువులు తీర్చుకునేవాళ్లం. అది మంచిదే. కానీ ఆ మాట చెప్పేటప్పుడు మేము వదిలేసే సగం ఉంది. మాతో ఆడుకున్నవాళ్లలో కొందరు పెద్దవాళ్లు కాలేదు. చెరువులో పోయినవాళ్లున్నారు, జ్వరంతో పోయినవాళ్లున్నారు. బతికి ఉన్నవాళ్లం కాబట్టే "మాకేమైంది" అనగలుగుతున్నాం. ప్రపంచం మొత్తం మీద 1990లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 93 మంది ఐదేళ్లు నిండకుండానే పోయేవారు, 2023కి అది 37కి వచ్చింది. టీకాలు వేయించి, మంచినీళ్లు ఇచ్చి, జాగ్రత్తపడి తెచ్చుకున్న మార్పమ్మా అది. కాబట్టి మీ తరం జాగ్రత్తని నేను ఎగతాళి చేయను. అయితే జాగ్రత్త వేరు, పిల్ల మొహం చూసినప్పుడల్లా కీడు తలచుకోవడం వేరు. రెండోది పిల్లకి తెలిసిపోతుంది.

మోడరేటర్:
చర్చ బాగా సాగుతోంది. పిల్లల పేర్లు, ఫొటోలు, స్కూల్ పేర్లు ఇక్కడ రాయొద్దని మళ్లీ ఒకసారి మనవి.

కలువ:
అందరికీ ధన్యవాదాలు. నర్సు గారి పోస్టు చదివి లేచి వెళ్లి ఇంట్లో బ్యాటరీలు ఎక్కడెక్కడున్నాయో చూశాను, మా బాబుకి రెండేళ్లు. ఇద్దరి నాన్న గారి పద్ధతి కూడా మొదలుపెడతాను. ఒక్కటి అడగాలి. కొత్తవాళ్లతో మాట్లాడొద్దు అని పాపకి ఎప్పుడూ చెప్తూ ఉంటాను. అది సరిపోతుందా, ఇంకేమైనా నేర్పాలా?

బడిపంతులమ్మ:
కలువ గారూ, ఆ మాట ఒక్కటే చెప్తే పిల్లకి రెండు విధాలా నష్టం. తప్పిపోయిన పిల్ల సాయం అడగాల్సింది కొత్తవాళ్లనే కదా. తప్పిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పాలి, పిల్లలతో ఉన్న ఒక అమ్మ దగ్గరికో, కౌంటర్‌లో పనిచేస్తున్నవాళ్ల దగ్గరికో. అక్కడి నుంచి కదలకుండా ఉండమని చెప్పాలి. మీ ఫోన్ నంబరు పాటలా కంఠస్థం రావాలి. ఫోన్‌లో సేవ్ చేసి ఉంది అంటే కుదరదు, ఫోన్ పోతే?

రెండో నష్టం పెద్దది. పిల్లల మీద లైంగికంగా చెయ్యి వేసేవాళ్లలో అత్యధికులు ఆ పిల్లకి ముందే తెలిసినవాళ్లు. చుట్టాలు, ఇంటికొచ్చే స్నేహితులు, పాఠాలు చెప్పేవాళ్లు, పిల్ల చేత మామయ్యా, అన్నయ్యా అని పిలిపించుకునేవాళ్లు. ఏ దేశం లెక్క తీసినా ఇదే. వాళ్లు ముందు బిడ్డకి కాదు, మనకి దగ్గరవుతారు. మంచివాడని మన చేతే అనిపించుకుంటారు. బూచివాడు బయట ఉన్నాడని మాత్రమే చెప్పి పెంచిన పిల్లకి, ఇంట్లో కూర్చుని నవ్వుతూ మాట్లాడేవాడు చేసిన పని గురించి చెప్పడానికి మాటలు ఉండవు.

నేను పిల్లలకి చెప్పేవి: ఒంట్లో ప్రతి భాగానికి పేరు ఉంది, ఆ పేరు సిగ్గుపడకుండా చెప్పొచ్చు. అమ్మకి చెప్పొద్దు అని పెద్దవాళ్లెవరైనా అంటే అదే అమ్మకి చెప్పాల్సిన విషయం. పుట్టినరోజు కానుక దాచిపెట్టడం వేరు, దానికి బయటపడే రోజు ఒకటి ఉంటుంది. ఎప్పటికీ చెప్పొద్దు అనే రహస్యం పిల్లల దగ్గర ఉండకూడదు. ఎవరికైనా ముద్దు పెట్టడం ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదు, వాళ్లు ఎంత దగ్గర చుట్టమైనా. ఈ చివరిదాని దగ్గర పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. "పెట్టమ్మా, ఏమనుకుంటారు" అని మనమే బలవంతం చేసి, రేపు వేరేవాడు బలవంతం చేస్తే వద్దను అంటే పిల్ల ఎలా అనగలదు?

పిల్ల వచ్చి చెప్పినప్పుడు మన మొహం ఎలా ఉందన్నది చాలా ముఖ్యం. "ఎందుకు వెళ్లావక్కడికి" అన్న మాట మొదట నోట్లోంచి వస్తే రెండోసారి పిల్ల చెప్పదు. "చెప్పి మంచిపని చేశావు, నీ తప్పు ఏమీ లేదు" అన్నది మొదటి మాట కావాలి.

సూటిగా:
పంతులమ్మ గారు రాసింది మొత్తం ఒప్పుకుంటాను. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

పసిపాప_అమ్మ:
మీరంతా పెద్ద పిల్లల గురించి మాట్లాడుతున్నారు, నాకు ఇంకా మూడు నెలల పాప. రాత్రి ఊపిరి ఆడుతోందో లేదో అని లేచి లేచి చూస్తాను, ముక్కు దగ్గర వేలు పెడతాను. మెట్లు దిగుతుంటే పాప చేతుల్లోంచి జారి పడిపోయినట్టు ఒక్కసారిగా కళ్ల ముందు కనిపిస్తుంది. ఎవరితోనూ చెప్పలేదు. నాకేమైనా అయిందా?

పిల్లల_వార్డు:
తల్లీ, ముందు ఇది చదువు. అలాంటి ఆలోచనలు కొత్తగా తల్లయినవాళ్లలో చాలా చాలా మందికి వస్తాయి. పాప పడిపోయినట్టు, ఊపిరి ఆగిపోయినట్టు, కొందరికి తామే ఏదో చేసేస్తామేమో అన్నట్టు కూడా. ఆ ఆలోచన నిన్ను భయపెడుతోందంటే అది నువ్వు కోరుకునేది కాదనే అర్థం. చెడ్డ తల్లివి కావు.

పాప పడుకునేటప్పుడు చేయాల్సినవి కొన్నే: ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్క గట్టిగా చదునుగా ఉండాలి, తలగడలు, బొంతలు, బొమ్మలు దగ్గర ఉండకూడదు, పాప ఉన్నచోట పొగ తాగకూడదు, సోఫాలో పాపతో నిద్రపోకూడదు. వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994లో పెద్ద ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల రేటు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి పడిపోయింది. అంత పని చేసింది ఆ చిన్న మార్పు. ఇవన్నీ చేశాక నువ్వు మేలుకుని కూర్చున్నందువల్ల పాపకి అదనంగా వచ్చే రక్షణ చాలా తక్కువ, నువ్వు నిద్ర లేక పగలు పాపని ఎత్తుకుని తూలితే వచ్చే ప్రమాదం ఎక్కువ. ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యి. పాప నిద్రపోయినప్పుడు కూడా నీకు నిద్ర పట్టకపోతే, ఆలోచనలు రోజంతా వదలకపోతే, బతకాలని లేదనిపించినా, వాటిని నమ్మి ఏదైనా చేయాలనిపించినా వెంటనే డాక్టరుకి చెప్పు. దీనికి వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది.

పసిపాప_అమ్మ:
చదివి ఏడ్చేశాను అక్కా. మా ఆయనకి చూపించాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

నీలిగాజు:
అతి జాగ్రత్త, అతి జాగ్రత్త అని ఎవరైనా అన్నప్పుడు నాలాంటివాళ్లం ఇక్కడ ఉన్నామని గుర్తుపెట్టుకోండి. మా బాబుకి ఆటిజం. తలుపు తీసి ఉంటే చెప్పకుండా వెళ్లిపోతాడు, పిలిస్తే పలకడు, నీళ్లంటే పిచ్చి ఇష్టం. 2012లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సర్వేలో ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా ఇలా వెళ్లిపోవడానికి ప్రయత్నించారని తేలింది. బయట వాళ్లకి మా ఇంటి తలుపుకి పైన పెట్టిన రెండో గడియ చూస్తే వింతగా ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరికీ వాడి ఫొటో ఇచ్చి, వీడు ఒంటరిగా కనిపిస్తే పట్టుకుని నాకు ఫోన్ చేయండని చెప్పాను. వాడు కనిపించకపోతే ముందు వెతకాల్సింది నీళ్లున్న చోటేనని ఇంట్లో అందరికీ తెలుసు. నా భయం అతి కాదు, మా బాబుకి సరిపోయేంత. అందరికీ ఒకే గీత ఉండదు, వయసుని బట్టి కూడా కాదు, పిల్లని బట్టి.

ఇద్దరి_నాన్న:
నీలిగాజు గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా పక్కింటి బాబుకి మూర్ఛ ఉంది, వాళ్లు స్నానాల గది గడియ లోపల వేసుకోనివ్వరు, టబ్బులో కూర్చోనివ్వరు. వాడికి పన్నెండేళ్లు. ఇతరులు ఏమనుకుంటే ఏమిటి.

ఇరవైల్లో_ఉన్నదాన్ని:
నాకు పిల్లలు లేరు, పెరిగినదాన్నిగా రాస్తున్నాను. మా అమ్మ ప్రేమ గురించి నాకు ఏ అనుమానమూ లేదు. కానీ నేను ఎక్కడికి బయలుదేరినా "జాగ్రత్త" అన్న మాట ఆవిడ ఎలా అనేదంటే నాకు వినిపించింది "నీకు చేతకాదు" అనే. కాలేజీకి వెళ్లాక ఒక్కదాన్నే బస్సు మారాల్సి వస్తే చెమటలు పట్టేవి. ఎవరో ఏదో చేస్తారని కాదు, నేనే ఏదో పాడు చేస్తానని. తోటివాళ్లు చిన్నప్పుడే నేర్చేసుకున్న పనులు పద్దెనిమిదేళ్లకి మొదలుపెట్టడం చాలా కష్టం. దారి తప్పడం, మళ్లీ కనుక్కోవడం, ఎవరినో అడగడం. ఎనిమిదేళ్లప్పుడు రెండు వీధుల దూరంలో దారి తప్పితే అమ్మ దొరుకుతుంది. అందుకే నాకు సూటిగా గారి పది నిమిషాల మాట చదివినప్పుడు బాధేసింది. ఆ పది నిమిషాలు పెట్టకపోవడం బద్ధకం కాదండి, ఆ పది నిమిషాలు పిల్లకి ఇవ్వడం.

సూటిగా:
అమ్మాయీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, ఐదేళ్ల పిల్ల విషయంలో ఇప్పటికీ అదే అంటాను. కానీ "నీకు చేతకాదు అని వినిపించింది" అన్నది నన్ను ఆపేసింది. మా చిన్నదానికి పదకొండు.

లెక్కల_మాస్టారు:
ఆ అమ్మాయి చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే ఆయన పిల్లల ఆందోళనకి పిల్లల్ని కాకుండా తల్లిదండ్రుల్నే కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చే పద్ధతి తయారుచేశారు. పిల్ల భయపడ్డప్పుడల్లా మనం అడ్డుపడి ఆ పని మనమే చేసేయడం, ఆ చోటికి వెళ్లకుండా తప్పించడం ఒక్కొక్కటిగా తగ్గించి, "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు" అని చెప్పడం నేర్పిస్తారు. పిల్లలకే నేరుగా ఇచ్చే చికిత్సతో పోల్చి చూస్తే ఇది దానికి తీసిపోలేదు.

టీన్_నాన్న:
నా సమస్య వీధిలో లేదు, వాడి గదిలోనే ఉంది. అబ్బాయికి పదిహేను. తలుపేసుకుని ఫోన్. వాడు ఎక్కడున్నాడో ఫోన్‌లో నాకు కనిపించేలా యాప్ పెట్టాను. ఇంట్లోనే ఉన్నాడని చూపిస్తుంది. ఇంట్లోనే ఉన్నాడు కానీ ఎవరితో ఉన్నాడో నాకేం తెలుసు? మెసేజీలు కూడా చదవాలా అని ఆలోచిస్తున్నాను.

బడిపంతులమ్మ:
టీన్ నాన్న గారూ, ఆ వయసు మగపిల్లల మీద ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్న మోసం ఒకటుంది, మీకు తెలియాలి. అమ్మాయి పేరుతో పరిచయం చేసుకుంటారు, త్వరగా దగ్గరవుతారు, బట్టల్లేని ఫొటో ఒకటి పంపమంటారు. పంపిన మరుక్షణం డబ్బు కట్టు, లేకపోతే మీ వాళ్లందరికీ పంపుతాం అని బెదిరిస్తారు. గంటల్లోనే పిల్లాణ్ణి ఊపిరాడనివ్వకుండా చేస్తారు. డబ్బు కోసం చేసే ఈ బెదిరింపుల్లో ఎక్కువగా చిక్కేది 14 నుంచి 17 ఏళ్ల అబ్బాయిలేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పదేపదే హెచ్చరిస్తోంది. సిగ్గుతో ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు.

మెసేజీలు చదవడం వల్ల ఇది ఆగదు, వాడు వేరే యాప్‌లోకి వెళ్తాడు. ఇలాంటి మోసం ఉందని ముందే, ఏమీ జరగకముందే, వాడికి చెప్పండి. "నీకు ఇలా జరిగితే, ఫొటో నువ్వే పంపినా సరే, నా దగ్గరికి రా, తిట్టను, ఫోన్ లాక్కోను" అని స్పష్టంగా మాటివ్వండి. ఫోన్ లాక్కుంటారన్న భయంతోనే చాలామంది చెప్పరు. జరిగితే డబ్బు కట్టొద్దు, కడితే ఇంకా అడుగుతారు. మాట్లాడటం ఆపేయాలి, మెసేజీలు చెరపకుండా సాక్ష్యంగా ఉంచాలి, పోలీసులకి చెప్పాలి. టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ 2023 నుంచి ఉంది, 18 ఏళ్లు నిండకముందు తీసిన అలాంటి ఫొటోలు ఇంటర్నెట్‌లో వ్యాపించకుండా ఆపడానికి. ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికీ పోదు, దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది, ఆ సేవలో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో పోల్చి తీసేస్తాయి.

టీన్_నాన్న:
ఇది నాకు అసలు తెలియదమ్మా. ఈ రాత్రే మాట్లాడతాను. లొకేషన్ యాప్ గురించి ఏమంటారు?

నీలిగాజు:
నేను మా బాబుకి వాడతాను కాబట్టి చెప్తున్నాను. వాడికి తెలిసి, ఎందుకో చెప్పి పెడితే సరే. దొంగతనంగా పెట్టింది బయటపడిన రోజున మీ మాట చెల్లదు. పైగా పరికరం ఏది కొన్నా దాని గురించి కాస్త చదవండి. అమ్మానాన్నలు దూరం నుంచి చుట్టుపక్కల మాటలు రహస్యంగా వినే వీలున్న పిల్లల స్మార్ట్ వాచీల్ని జర్మనీ 2017లో నిషేధించింది, పాఠం చెప్పే టీచరు మాటలు కూడా వినేస్తున్నారని. భద్రత కోసం కొన్న వస్తువుతో పిల్ల ఎక్కడుందో ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా తెలిసిపోయే ప్రమాదం ఉంటుంది.

కలువ:
నీళ్ల గురించి ఒకటి అడగాలి నర్సు గారూ. ఇద్దరికీ ఈత నేర్పిద్దామనుకుంటున్నాం. ఈత వస్తే ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

పిల్లల_వార్డు:
నేర్పించండి, తప్పకుండా. ప్రమాదం తగ్గుతుంది. నిశ్చింత మాత్రం కాదు, ఈత వచ్చిన పిల్లలు కూడా మునిగిపోతారు, భయపడ్డప్పుడు, అలిసిపోయినప్పుడు, బట్టలతో పడినప్పుడు. మునిగిపోయే పిల్ల చేతులు ఊపి కేకలు వేస్తుందని ఎదురుచూడకండి, నోరు నీళ్లపైకి వచ్చినంతసేపూ ఊపిరి తీసుకోవడానికే సరిపోతుంది.

ఎక్కువమంది పెద్దవాళ్లు ఉన్నచోట ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. అందుకని ఒకరి పేరు పెట్టి చెప్పండి, ఈ అరగంట నువ్వు, తర్వాత నువ్వు అని. ఆ అరగంట ఆ మనిషి ఫోన్ ముట్టుకోకూడదు, మందు తాగి ఉండకూడదు, బాబు లాంటి చిన్నవాడైతే చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. ఇంట్లో వాడిన బకెట్లు, టబ్బులు వెంటనే ఒంపేసి బోర్లించండి. ఇంకా వీలైతే మీరిద్దరూ సీపీఆర్, అంటే గుండె, ఊపిరి ఆగిపోయినవాళ్లకి అప్పటికప్పుడు చేసే ప్రథమ చికిత్స, నేర్చుకోండి, వీడియో చూసి కాదు, బొమ్మ మీద చేత్తో చేయించే క్లాసులో. నీళ్లలోంచి తీసిన పిల్లకి ఛాతీ నొక్కడంతో పాటు నోటితో ఊపిరి ఊదడం కూడా చాలా ముఖ్యం, అది చేత్తో చేసి చూస్తేనే వస్తుంది. అంబులెన్స్ వచ్చేలోపు ఆ నాలుగైదు నిమిషాలు పక్కన ఉన్నది మీరే కదా. మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి, పగలు పిల్లలు ఆవిడ దగ్గరే ఉంటే ముందు నేర్చుకోవాల్సింది ఆవిడే.